గెన్‌లా గిన్నెలో లేని వెంట్రుక

దేశంలో ఉన్న కంటి డాక్టర్లందరినీ రేపటి నుంచి ఇళ్లకు పంపించేసి, వాళ్ల కుర్చీల్లో తార్కికుల్ని కూర్చోబెట్టాలని నేను ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను!

నవ్వకండి. కంటి డాక్టరు చేసేదేమిటి? గోడ మీద అక్షరాలు చదవమంటాడు, కంట్లో చుక్కలు వేస్తాడు, లైటు వేసి చూస్తాడు, చీటీ రాసి పంపేస్తాడు. అంతా కలిపి పది నిమిషాల పని. మీరు చూస్తున్నది నిజంగా ఉందా అని ఏనాడైనా అడిగాడా? చూస్తున్నది కన్నా, మనసా అని అడిగాడా? ఇవేవీ తేల్చకుండానే కళ్లజోడు రాసిచ్చేవాడి చేతిలో మన కళ్లు పెడుతున్నాం!

నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఊరొచ్చి చూడండి. మైసూరు దాటి, మొక్కజొన్న చేలు దాటి వస్తే మా టిబెటన్ మఠం. దాని ప్రహరీకి ఆనుకున్న ఇంట్లోనే చాలా ఏళ్లుగా నా కాపురం. సాయంత్రమైతే గోడ అవతల వందలమంది సన్యాసులు చప్పట్లు చరుస్తూ, కాళ్లు నేలకేసి కొడుతూ, కుండను చూసినప్పుడు మనసు చూసేది కుండనా, కుండ బొమ్మనా అని గొంతులు చించుకుంటారు. మొదట్లో ఆ గోలకి తల పగిలిపోయేది. ఇప్పుడు సెలవు రోజున అది వినపడకపోతే అన్నం సహించదు.

ఆ వాదానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు కూర్చుంటారు, ఇంకొకరు నిలబడతారు. నిలబడ్డవాడు ప్రశ్న వేసి, కూర్చున్నవాడి ముక్కు ముందు ఫెళ్లున చప్పట్లు చరుస్తాడు. కూర్చున్నవాడు 'ఒప్పుకుంటున్నా' అనొచ్చు, 'ఎందుకు?' అనొచ్చు, 'హేతువు సిద్ధించలేదు' అనొచ్చు. 'నాకు ఒంట్లో బాగోలేదు, రేపు మాట్లాడుకుందాం' అనే జవాబు రూల్సులో లేదు. ప్రశ్న పద్ధతిగా పడిందంటే అది తేలేదాకా కూర్చున్నవాడు లేవకూడదు.

ఇంతటి సదుపాయం ఏ ఆసుపత్రిలో ఉంది, చెప్పండి?

అయితే ఈ ఘనకార్యం మొదలైంది మాత్రం వాదాల ఆవరణలో కాదు, వంటశాలలో. మఠానికి పెద్ద వంటవాడు యార్ఫెల్. చిన్నప్పుడు అమ్మానాన్నా లేకుండా వస్తే, గెషే లోద్రో తన గదిలో పెట్టుకుని పెంచారు. గెషే అంటే చదువులో ఇక పైమెట్టు లేనివారు. మఠంలో అందరూ ఆయన్ని 'గెన్‌లా' అనే పిలుస్తారు, గురువుగారూ అన్నట్టు. యార్ఫెల్‌కి నాన్న అనే మాట స్థానంలో ఉన్న మాట కూడా అదే.

యార్ఫెల్‌కి చదువు అబ్బలేదు. వాదంలో ఎవరే ప్రశ్న వేసినా 'ఒప్పుకుంటున్నా' అనేవాడు. అగ్ని చల్లగా ఉంటుందా అంటే ఒప్పుకునేవాడు, కుందేలుకి కొమ్ములుంటాయా అంటే ఒప్పుకునేవాడు. ఎదుటివాడి మొహం చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అనేవాడని గెన్‌లాకి తెలుసు. అందుకే తిట్టకుండా గరిటె చేతికిచ్చి వంటశాలకు పంపారు. ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం థుక్పా, అంటే చేతితో తెంపి వేసిన పిండి ముక్కల చారు, మొదటి గిన్నె గెన్‌లాకే. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని 'బాగుంది' అంటే తప్ప యార్ఫెల్ రెండో గిన్నె నింపడు.

ఒక సాయంత్రం గెన్‌లా ఆ మాట అనలేదు. గిన్నెలోకి తొంగి చూశారు. చెంచాతో కెలికారు. మళ్లీ చూశారు.

"యార్ఫెల్, ఇందులో వెంట్రుక ఉందిరా."

భోజనశాలలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఇది ఏ హోటల్లోనో జరిగితే గిన్నె మార్చి ఇచ్చి ఊరుకుంటారు. కానీ ఇది మఠం. ఎటు చూసినా నున్నటి గుండ్లు. వెంట్రుక ఎవరిదని?

క్రమశిక్షణ చూసే పెద్ద సన్యాసిని గెకో అంటారు. ఆయన టార్చిలైటు పట్టుకుని వచ్చేశారు. థుక్పాని పల్చటి గుడ్డలో వడగట్టించారు. ఏమీ దొరకలేదు.

"దొరకలేదంటే లేదని కాదు, మనకి దొరకలేదని" అన్నారు గెకో. చూశారా, ఎంత లోతైన ఆలోచనో!

గుండ్లన్నీ తనిఖీ చేశారు. వంటశాల పిల్లిని పిలిపించారు. అది రాలేదు, దాని మీద అనుమానం బలపడింది. చివరికి గెకో చూపు యార్ఫెల్ మొహం మీద ఆగింది. కనుబొమలు అందరికీ ఉంటాయి. యార్ఫెల్‌వి కనుబొమలు కావు, పొదలు.

"ఏమయ్యా, వీటి సంగతేంటి?" అన్నారు గెకో.

"ఇవి నా మొహం మీదే ఉన్నాయి కదండీ!"

"ఉన్నవాటి గురించి కాదు నేనడిగేది. రాలిపోయి ఇప్పుడు అక్కడ లేనివాటి గురించి చెప్పు."

యార్ఫెల్ అలవాటు కొద్దీ ఒప్పుకున్నాడు. అక్కడికక్కడే మంగలి కత్తి తెప్పించుకుని రెండు కనుబొమలూ గీసేసుకున్నాడు. మొహం ఉడికించిన గుడ్డులా తయారైంది. మర్నాడు సాయంత్రం ఆ మొహంతోనే మొదటి గిన్నె తెచ్చి గెన్‌లా ముందు పెట్టి, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"ఇవాళ ఎక్కువే ఉన్నాయిరా" అన్నారు గెన్‌లా తాపీగా. "గిన్నెలోనే కాదు, గోడ మీదా ఉన్నాయి. నీ మొహం మీదా ఉన్నాయి. నేను ఎటు చూస్తే అటు జారుతున్నాయి."

ఎదురు బల్ల మీంచి పెల్‌జోర్ ఎగిరి గంతేశాడు. మఠంలో వాదానికి దిగితే వాణ్ణి పట్టుకునే మొనగాడు లేడు.

"దొరికింది! ఆకాశంలో వెంట్రుకలు!" అని అరిచాడు.

భోజనశాల మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఎందుకో మీకు చెప్పాలి. కన్ను చెడినవాడికి శూన్యంలో వెంట్రుకలు రాలుతున్నట్టు కనపడతాయన్నది వాళ్ల శాస్త్రంలో పేరున్న ఉదాహరణ. లేనిది కనపడటం ఎలాగో చెప్పాలంటే అందరూ దాన్నే ఎత్తుకుంటారు. తరతరాలుగా ప్రతి సన్యాసీ బట్టీపట్టినదే. కానీ మా మఠంలో అలాంటి మనిషిని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు ఆ ఉదాహరణ కాళ్లూ చేతులూ వేసుకుని వాళ్ల మధ్యే కూర్చుని థుక్పా తాగుతోంది!

అందరికంటే ఎక్కువ సంతోషపడింది గెన్‌లాయే.

"జీవితమంతా చూడని వెంట్రుకల గురించి పాఠం చెప్పానర్రా! ఇప్పుడు చూస్తున్నా. ఎంత సన్నగా ఉన్నాయో తెలుసా!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు.

యార్ఫెల్ ఒక్కడే నవ్వలేదు. "గెన్‌లా, కన్ను చెడితేనే కదా అవి కనపడేది? మైసూరు పోదాం. జీపు మాట్లాడతా."

"పోదాంలేరా. ముందు ఇది తేలనీ."

ఇక్కడ మీరు గమనించాలి. అదే ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఏమయ్యేది? టోకెను తీసుకుని, ఫ్యాను లేని వరండాలో, దగ్గే జనం మధ్య గంటలకొద్దీ కూర్చోవాలి. ఇక్కడో? కళ్లు తెరవగానే రోగి చుట్టూ వందలమంది, ఫీజు లేకుండా!

ఎన్ని కోణాల్లోంచి పరీక్షించారనుకున్నారు! లేని వెంట్రుకకు పొడవుంటుందా? గెన్‌లా తల తిప్పితే అది కదులుతోంది, లేనిది ఎలా కదులుతుంది? ఆయన 'వెంట్రుక' అన్నప్పుడు ఆ మాట దేన్ని చూపించింది? ఏమీ లేకపోతే ఆ మాటకి అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు కనపడని వెంట్రుకా, నీకు కనపడని వెంట్రుకా ఒకటేనా, వేర్వేరా? ఈ చివరి ప్రశ్న మీద ఇద్దరు ప్రాణస్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు.

మఠం రెండు పక్షాలైంది. గెన్‌లా అంతటివారి చూపు పొరపడదు, కాబట్టి వెంట్రుక ఉంది, చూడలేని మనమే గుడ్డివాళ్లమని ఒక పక్షం. ఆ పక్షం వాళ్లు భక్తిగా థుక్పా గాలించుకుని గానీ తాగేవారు కాదు. వెంట్రుక లేదు, ఉన్నది భ్రమ ఒక్కటేనని రెండో పక్షం. వాళ్లు గాలించకుండా తాగేవారు. ఫోన్లలో లైవ్ పెట్టారు. పక్క మఠాల నుంచి బస్సులేసుకుని జనం దిగారు. అందరికీ వండలేక యార్ఫెల్ నడుం విరిగింది.

మీ ఊళ్లో రోడ్డు మీద గుంత పడితే పూడ్చడం ఎవడైనా చేస్తాడు. గుంత ఉందా, ఉన్నట్టు ప్రతిపక్షాల వాళ్లకి కనపడుతోందా అని టీవీలో నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారంటే, అదీ నాగరికత! మా మఠం ఆ స్థాయిని ఎప్పుడో దాటింది.

యార్ఫెల్‌కి మాత్రం ఇదంతా తలకెక్కలేదు. గెకో దగ్గరకెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"జీపు కావాలండీ. గెన్‌లాని డాక్టరుకి చూపించాలి."

"ఇస్తామయ్యా, ఎవరు కాదన్నారు? కానీ ఆ డాక్టరు వెంట్రుకలు తీసేశాడనుకో, పిల్లలు దేని మీద వాదించాలి? పరీక్షలు నెత్తి మీదకొచ్చాయి."

"అవి గెన్‌లా కళ్లండీ!"

"ఆ మాటే ఆవరణలోకొచ్చి పద్ధతిగా అడుగు. అంతా ఆలోచిస్తాం."

పద్ధతిగా అడగడం చేతనైతే వాడు వంటవాడెందుకవుతాడు? తిరిగొచ్చి, గరిటె తిప్పుకుంటూ, గెన్‌లానే కనిపెట్టి చూడటం మొదలుపెట్టాడు. ఆయన మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముకుంటున్నారు. పుస్తకాన్ని పక్కకు తిప్పి పట్టుకుంటున్నారు. మూసిన కళ్లల్లో మెరుపులు మెరుస్తున్నాయని ఒకసారి పైకి అనేశారు. దాని మీద ఇంకో వాదం పుట్టింది. మూసిన కంటితో చూసేది చూపా, కాదా?

ఒకరోజు పొద్దున్న యార్ఫెల్ వెన్న టీ తెచ్చి ముందు పెడితే గెన్‌లా చెయ్యి చాచారు. చెయ్యి కప్పు పక్కనుంచి పోయింది. టీ ఒలికి ఒంటి మీది చీవరం తడిసింది. ఆయన తుడుచుకోలేదు. మెల్లగా అన్నారు.

"కుడికంటికి నల్లటి తెర దిగుతోందిరా. పైనుంచి సగం దాకా వచ్చింది." ఆగారు. "ఇది మన పుస్తకాల్లో ఎక్కడా లేదు."

ఆ గొంతులో భయం యార్ఫెల్ ఎప్పుడూ వినలేదు. తనని పెంచిన మనిషి భయపడటం చూడటం కన్నా ఘోరం ఉండదు. వాడు అక్కడే కూలబడి భోరుమన్నాడు.

"ఏడవకు. పద, పోదాం" అన్నారు గెన్‌లా.

యార్ఫెల్ ఎవరినీ అడగలేదు. బజారుకి పరిగెత్తి జీపు మాట్లాడి, గేటు ముందు నిలబెట్టి, గెన్‌లా చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయల్దేరాడు. గేటుకి వెళ్లాలంటే ఆవరణ దాటాలి. అదే వాడు చేసిన తప్పు. వెనక పెరటి దారిన, కట్టెల కొట్టం పక్కనుంచి తీసుకెళ్లాల్సింది!

"గెన్‌లా, ఎక్కడికి?" అని అడిగాడు పెల్‌జోర్.

"కంటికి తెర దిగుతోంది నాయనా. డాక్టరు దగ్గరికి."

తెర! పెల్‌జోర్ కళ్లు మెరిశాయి. జపమాలని మోచేతి పైకి లాక్కున్నాడు, కాలు ఎత్తాడు, చప్పట్లు చరిచాడు.

"నల్లటి తెర కనపడుతోందంటున్నారు. అది చూడటమా, చూడకపోవడమా?"

ప్రశ్న పద్ధతిగా పడింది. గెన్‌లా పుట్టి బుద్ధెరిగాక, పద్ధతిగా పడ్డ ప్రశ్నకి వీపు చూపించిన మనిషి కారు. యార్ఫెల్ చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నారు. ఆ కంటితోనే తడుముకుంటూ వెళ్లి, ఆసనం మీద కూర్చున్నారు!

"చూడటమే" అన్నారు.

"అయితే ఏం చూస్తున్నారు?"

"ఆ పక్కన ఏమీ చూడటం లేదు."

"ఏమీ చూడకపోవడాన్ని చూస్తున్నారన్నమాట!"

ఆవరణ హోరెత్తిపోయింది. అటువంటి ప్రశ్న ఆ నేల మీద ఎన్నడూ పడలేదట. నలుపు ఒక రంగా, రంగు లేకపోవడమా? లేకపోవడం కంటికి కనపడుతుందా, మనసుకి తోస్తుందా? గోడ మీంచి నేనూ విన్నాను. ఇంత సూక్ష్మంగా రోగిని పరీక్షించే స్పెషలిస్టులు విదేశాల్లో కూడా ఉండరు. గేటు దగ్గర జీపు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. పొద్దు నడినెత్తికొచ్చింది, దిగింది, వాలింది.

యార్ఫెల్ ఇక ఆగలేక మధ్యలోకి దూరాడు. "ఆయనకి కన్ను పోతోందయ్యా! లేపండయ్యా!"

పెల్‌జోర్ గిర్రున వాడి వైపు తిరిగాడు. ఫెళ్లున చప్పట్లు!

"పోయిన కన్ను మళ్లీ పోదు. ఉన్న కన్ను ఇంకా పోలేదు. మధ్యలో ఈ పోతున్న కన్ను ఏదో చూపించు! అలాంటిది లేదని ఒప్పుకుంటావా?"

అందరూ నవ్వుతూ చూస్తున్నారు. యార్ఫెల్ జవాబేమిటో అందరికీ తెలుసు. చిన్నప్పటినుంచీ వాడికి ఒకటే జవాబు.

"ఒప్పుకోను" అన్నాడు యార్ఫెల్.

"కారణం చెప్పు!"

"కారణం లేదు. ఒప్పుకోను."

అలాంటి జవాబు రూల్సులో లేదని నలువైపుల నుంచీ కేకలు. వాడు వినలేదు. వంటశాలలోకి వెళ్లి, ఆ పక్కనున్న నీళ్ల డ్రమ్ముని ఎత్తి మండుతున్న పొయ్యి మీద కుమ్మరించాడు. బుస్సుమని లేచిన ఆవిరి కిటికీల్లోంచి ఆవరణ మీదకి వచ్చింది. చారు డేగిసా మీద మూత పెట్టి, ఆ మూత మీద ఎక్కి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం భోజనం గంట మోగలేదు. కాసేపు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత చప్పట్లు పల్చబడ్డాయి. తర్వాత ప్రశ్నల మధ్య కడుపుల చప్పుడు వినపడింది. గెకో వంటశాలకి వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? దిగు ముందు!"

"గెన్‌లా జీపెక్కితే పొయ్యి వెలుగుతుందండీ."

"ఇంకా వాదం తేలలేదు!"

"మీ ఇష్టమండీ. నాకేం తొందర లేదు."

ఇది అబద్ధం. మూత మీద కూర్చున్నవాడి చెవులు గేటు దగ్గరి జీపు హారన్ మీదే ఉన్నాయి. గెకో వెళ్లి పెల్‌జోర్ చెవిలో ఏదో చెప్పారు.

"థుక్పా అసలు లేదా?" అన్నాడు పెల్‌జోర్.

"లేదు."

పెల్‌జోర్ జపమాల కిందకి దించాడు. "ఒప్పుకుంటున్నా" అన్నాడు.

రెండు పక్షాల వాళ్లూ కలిసి గెన్‌లాని చేతుల మీద మోసుకెళ్లి జీపులో కూర్చోబెట్టారు.

మైసూరులో డాక్టరమ్మ లైటు వేసి చూసింది. ఒకసారి చూసి, ఆగి, మళ్లీ చూసింది. అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుని గెన్‌లా చెయ్యి పట్టుకుంది.

"కుడికంటి లోపలి పొర మొత్తం ఊడిపోయింది తాతగారూ. దాన్ని ఇక ఏమీ చెయ్యలేం. ఎడమకంట్లో ఇప్పుడే చిన్న చిరుగు మొదలైంది, అది ఆపుతాను. మీకు ముందు వెంట్రుకల్లాంటివి ఏమైనా కనపడ్డాయా?"

"కనపడ్డాయమ్మా. సన్నగా, చూపుతోపాటు జారుతూ. తర్వాత మెరుపులు. తర్వాత పైనుంచి తెర."

"ఇంత స్పష్టంగా చెప్పిన పేషెంటుని నేను చూడలేదు! ఆ వెంట్రుకలు కనపడ్డ రోజే వచ్చుంటే కుడికన్నూ చిరుగు దగ్గరే ఆగి ఉండేది. పది నిమిషాల పని. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"మాట్లాడుకున్నాం తల్లీ" అన్నారు గెన్‌లా.

యార్ఫెల్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సరే, ఒక కన్ను పోతే పోయింది, లోకానికి జరిగిన లాభం చూడండి. ఆయన ఆసుపత్రిలో ఉండగానే మఠంలో వాదం తేలిపోయింది. వెంట్రుక లేదని రెండు పక్షాలూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. గెన్‌లా తిరిగి రాగానే పెల్‌జోర్ తెల్లటి కండువా పట్టుకుని ఎదురెళ్లాడు. తల ఎత్తలేకపోయాడు. ఏడ్చాడు కూడా. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, 'గెన్‌లా, ఇప్పుడు కుడివైపున కనపడేది నలుపా, ఏమీ కాదా?' అని అడిగాడు. పాపం, వాడి మనసు మంచిదే.

ఇంకో లాభం. ఆనాటి నుంచి మా మఠంలో ఎవరికీ ఏ రోగమూ లేదు! గెకో ఒక కాలు ఈడుస్తూ నడుస్తారు, మోకాలికేమైందని అడిగితే మోకాలా, ఏ మోకాలు అంటారు. పంటి నొప్పితో బుగ్గ వాచిన కుర్రాళ్లు నోరు తెరవకుండా నవ్వుతారు. ఎక్కడ నొప్పి అని ఎవరైనా అడుగుతారేమోనని దగ్గు కూడా మింగేస్తున్నారు. వాదంతో ఊరంతటికీ ఆరోగ్యం వచ్చేసింది. మరి డాక్టర్లు ఎందుకు, మీరే చెప్పండి?

మొన్న సాయంత్రం నన్ను కూడా భోజనానికి పిలిచారు. యార్ఫెల్ మొదటి గిన్నె తెచ్చి గెన్‌లా ముందు పెట్టాడు. వాడి కనుబొమలు మళ్లీ మొలుస్తున్నాయి, ఒకటి ముందుగా, ఒకటి వెనకగా. గెన్‌లా చెంచా ముంచి, ఆగారు. ఉన్న ఒక్క కంటినీ గిన్నెకి దగ్గరగా తెచ్చి చూశారు. తర్వాత తలెత్తి యార్ఫెల్ కనుబొమల వైపు చూశారు.

భోజనశాలలో చెంచాలన్నీ ఆగిపోయాయి.

"ఏమైనా ఉందా గెన్‌లా?" అన్నాడు పెల్‌జోర్. వాడి చెయ్యి అప్పుడే జపమాల మీదకి పోయింది.

గెన్‌లా చెంచాతో ఒక పిండి ముక్క తీసుకుని, గిన్నెలో కంటపడినదేదో దాని కిందకి పోయేలా అద్ది, నోట్లో పెట్టుకుని మింగేశారు.

"ఏమీ లేదు" అన్నారు. "బాగుంది."

యార్ఫెల్ రెండో గిన్నె నింపలేకపోయాడు. గరిటె పట్టుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అక్కడ ఎవరికీ తెలియలేదు. గెన్‌లా పక్కనే కూర్చున్నాను కాబట్టి నేను చూశాను. పొట్టిగా, నల్లగా, మొద్దుగా, ఆ వెంట్రుక మాత్రం నిజంగానే ఉంది.